పేరు చెప్పి పాట పెట్టే అక్క

మొన్న పన్ను నొప్పితో పళ్ల డాక్టరు దగ్గరికి పోయి నా వంతు కోసం కూర్చున్నాను. ఎడమ బుగ్గ బూరెలాగా పొంగింది. పక్క కుర్చీలో ఒక కాలేజీ అమ్మాయి ఫోనులో వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి పైకి తోసేస్తోంది. ఒక దగ్గర ఆమె వేలు ఆగింది. కిటికీ బయట మంచు పడుతున్న ఏదో దేశం. లోపల ఎవరో రొట్టె పిండి పిసుకుతున్నారు. ముఖం కనపడదు, చేతులే. వెనక ఒక ఆడమనిషి పాడుతోంది. మన పాటే. నాట్లేసేటప్పుడు పాడే పాట, అదీ మా జోగిపేట దిక్కు యాసలో.

"అక్కా!" అన్నాను గట్టిగా.

"చెప్పండంకుల్," అంది ఆ అమ్మాయి, నా బుగ్గ వంక జాలిగా చూస్తూ. నేను సంగతి చెప్పేలోపే ఆమె వేలు ఆ పాటను పైకి తోసేసింది. తర్వాతి వీడియోలో ఒక కుక్క సైకిలు తొక్కుతోంది.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఎన్నో ఏళ్లు ఆ గొంతుతో తిట్లూ, ఆ చేత్తో ఉప్మా తిన్నవాణ్ణి.

సంగారెడ్డి దగ్గర పోతిరెడ్డిపల్లి చౌరస్తా దాటాక, కంపెనీ బస్సులు ఆగే చోట ఒక రేకుల షెడ్డు ఉండేది. అదే అక్క హోటల్. బోర్డు మీద ఏ దేవుడి పేరూ బొమ్మా ఉండేవో గానీ ఎండకు వెలిసి, దేవుడి చేయి ఒక్కటే మిగిలింది. నేను అప్పుడు కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో కొత్తగా చేరి, దగ్గర్లోనే గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. పొద్దున షిఫ్టు వాళ్లమంతా అక్కడే తిని బస్సెక్కేవాళ్లం. ఎవరి వయసెంతైనా ఆమె అందరికీ అక్కే. ఒడిశా పిల్లలకు అక్కే, బీహారు వాళ్లకు అక్కే, రిటైరు కాబోతున్న మా సూపర్‌వైజరుకూ అక్కే.

పొయ్యి ముందు నిలబడితే రోడ్డు మలుపు అందరికంటే ముందు ఆమెకే కనిపించేది. బస్సు ముక్కు కనపడగానే గరిటెతో పెనం మీద టంగుమని ఒకటిచ్చి, "లెవ్వుండ్రి, బస్సొచ్చింది!" అనేది. ఆ మాట అన్నాక ఎవరూ కూర్చోకూడదు. ఎవరైనా ధైర్యం చేసి ఇంకొంచెం చట్నీ అడిగితే, "చట్నీ రేపు గూడ ఉంటది. నౌకరి ఉంటదో ఉండదో చూస్కో," అని ప్లేటు లాక్కునేది. ఆమె పుణ్యాన మా షిఫ్టులో ఎవరికీ బస్సు తప్పలేదు. ఒక్కసారి తప్ప. అది తర్వాత చెప్తాను.

ఆమె భర్తను మేమంతా బావ అనేవాళ్లం. పటాన్‌చెరు దగ్గర ఒక ఇనుప మిల్లులో పని చేసి చేసి, చెవులు రెండూ అక్కడే అప్పజెప్పి వచ్చిన మనిషి. ఉరుము ఉరిమినా తిరిగి చూడడు. గల్లా దగ్గర కూర్చునేవాడు. పక్కనే నడుమెత్తు నల్ల స్పీకరు పెట్టె. పొద్దున షట్టరు ఎత్తగానే అక్క పెట్టె ఆన్ చేసేది. బావ అరచేయి దాని మీద పెట్టి కళ్లు సగం మూసేవాడు. సాయంత్రం దాకా ఒక చేయి చిల్లర ఇవ్వడానికి, ఒక చేయి పాట వినడానికి. నచ్చితే "చేయికి మంచిగుంది" అనేవాడు. నచ్చకపోతే చేయి తీసి లుంగీకి తుడుచుకునేవాడు.

అక్కకు పాటల పిచ్చి అని చుట్టుపక్కల వాళ్లు అనుకునేవాళ్లు. ఆమె పాట ఎప్పుడు విన్నదిలెండి, నూనె చిటపటల్లో? పెట్టె ఆయన కోసం. కరెంటు పోయినప్పుడు ఆయన్ని చూస్తే తెలిసేది. అరచేయి తీసి, మళ్లీ పెట్టి, పొయ్యి రాజుకుందా లేదా అని చూసినట్టు చూసి, అక్క వంక తిరిగేవాడు. అక్క వేళ్లతో బల్బు ఆరినట్టు చూపించేది. కరెంటు వచ్చేదాకా ఆయన ఎవరికీ చిల్లర సరిగ్గా ఇచ్చేవాడు కాదు.

ఒకరోజు భుజాన సంచి వేసుకున్న ఒకాయన వచ్చాడు. ఇడ్లీ తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, సంచిలోంచి కాగితం తీశాడు. పాటల హక్కులు చూసే ఏదో కంపెనీ మనిషి. మర్యాదస్తుడే.

"అమ్మా, ఇంట్ల వింటె మీ ఇష్టం. హోటల్ల నలుగురికి వినిపిస్తె మాత్రం లైసెన్సు తీస్కోవాలె. రూలు."

"పాటకు గూడ కిరాయా?" అంది అక్క.

"పాడినోళ్లు, రాసినోళ్లు ఉంటరు గదమ్మా. మీ ఇడ్లీ నేను ఊకె తిని పోతె ఊకుంటరా?"

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. ఇంకెవరైనా అయితే ఆ సంచీ ఆయనను రోడ్డు దాకా తరిమేవాళ్లు. అక్కకు ఆ ఇడ్లీ మాట ఎక్కడో సూటిగా తగిలింది. "అదీ నిజమే," అంది. లైసెన్సుకు ఎంతవుతుందో ఆయన చెప్పాడు. అది ఆమె వల్ల అయ్యే పని కాదు. వెళ్లి పెట్టె ఆపేసింది.

"జెర చిన్నగ పెట్టుకో అక్కా, ఎవలు చూస్తరు?" అన్నారు మావాళ్లు.

"చిన్నగ తింటె దొంగతనం గాదా?" అంది.

అసలు కష్టం బావతో వచ్చింది. హక్కుల చట్టం మామూలుగా చెప్తేనే ఎవరికీ అర్థం కాదు, ఆమె దాన్ని సైగలతో చెప్పాల్సొచ్చింది. నోటి దగ్గర వేళ్లు ఆడించి పాట అంది. జేబులోంచి ఏదో లాగినట్టు చూపించి దొంగతనం అంది. మీసం దువ్వి పోలీసు అంది. బావ అంతా శ్రద్ధగా చూసి, "అయ్యో, ఆ పాడెటోన్ని జైల్ల ఏసిన్రా?" అన్నాడు. అక్క తల కొట్టుకుంది. మేం నవ్వి నవ్వి టీలు ఒలకబోసుకున్నాం.

నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. బావ పెట్టె చెడిపోయిందేమోనని దాన్ని ఆటోలో ఎక్కించుకుని సంగారెడ్డి పోయి మెకానిక్‌కు చూపించి వచ్చాడు. "మంచిగనే ఉన్నదంట," అన్నాడు దిగుతూ. మళ్లీ దాని మీద చేయి పెట్టాడు. ఏమీ లేదు. ఆ అరచేయిని ముఖం దగ్గరికి తెచ్చుకుని, తిప్పి తిప్పి చూసుకుని, "ఇగ చేయి గూడ పోయిందా?" అని అడిగాడు.

ఎవరూ నవ్వలేదు. అక్క పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి నిలబడింది. మేం తిన్న ప్లేట్లు మేమే తీసి పెట్టాం.

ఆ సాయంత్రం నేను బస్సు దిగేసరికి ఆమె రోడ్డు మీదికే వచ్చి పట్టుకుంది. "తమ్మీ, ఇంత లోకం ఉన్నది. ఇడ్లీ పెట్టి పైసలొద్దు అనెటోడు ఒక్కడన్న ఉండడా? నీ ఫోన్ల ఎతుకు."

వెతికాను. ఉన్నారు. ఒక్కడు కాదు, ఊళ్లకు ఊళ్లే ఉన్నారు. తమ పాటలు తామే నెట్‌లో పెట్టి, తీసుకోండి అనేవాళ్లు. వాళ్ల పేర్లు ఏ టీవీలోనూ రావు. ఎస్తోనియా అనే చలిదేశంలో వంటింట్లో కూర్చుని అకార్డియన్ వాయించేవాడు, సీసాలలో నీళ్లు పోసి వాయించే బ్రెజిల్ పిల్ల, గొంతులోంచి బోరుబావి తవ్వే శబ్దం తీసే మంగోలియా పెద్దమనిషి. హక్కుల గడువు తీరిపోయి అందరి సొత్తూ అయిన గరగర పాత రికార్డులు కూడా ఉన్నాయి. కొందరైతే ధర మీరే వేసుకోండి, సున్నా వేసినా సరే అని రాసుకున్నారు. అయితే పాట పాటకూ కింద చిన్న అక్షరాల్లో షరతులుంటాయి. పాట దిగేది ఒక నొక్కుతో, షరతు చదవాలంటే ఓపిక కావాలి. నేను వదిలేద్దామన్నా అక్క వదల్లేదు. "ఆడు ఊకె ఇస్తున్నడు. చెప్పింది గూడ ఇనకపోతె ఎట్ల?"

ఇక అక్కణ్ణుంచి ఆ హోటల్ నడిచిన తీరు చెప్తే మీరు నమ్మరు.

చాలా పాటలకు ఉండే షరతు ఒకటే: నా పేరు చెప్పి వాడుకోండి. పేరు ఎక్కడైనా రాసి గోడకు అంటిస్తే చాలక్కా అన్నాను. "చెప్పుమన్నడు గని అంటిపెట్టుమనలేదు గద," అంది. ఆమె చిన్నప్పుడు వాళ్ల మేనమామ పెళ్లిళ్లలో మైకు పట్టుకుని చదివింపులు చెప్పేవాడట, ఫలానా ఊరి ఫలానా వారు పిల్లకు ఫలానాది చదివించినారు అని. అక్కకు పేరు చెప్పడమంటే తెలిసిన పద్ధతి అదొక్కటే. పాట మొదలవగానే గరిటె పైకెత్తి, హోటలంతా వినపడేట్టు మొదలుపెట్టేది:

"ఎస్తోనియా దేశస్తులు, మన తూమాసు తమ్ముడు, ఈ పాటను మన హోటలుకు చదివించినాడు! ఆ, రెండో టేబులుకు ఎవరయ్యా పూరీ?"

ఫోటో చూసి వయసు అంచనా వేసి వరస కలిపేది. గడ్డముంటే పెద్దమనిషి, లేకుంటే తమ్ముడు. ఫోటో లేనివాళ్లు మన చుట్టాలు. పేరు నోరు తిరక్కపోతే నన్ను పట్టుకుని పిండి రుబ్బుతూ వల్లించేది. తప్పు పలికితే మళ్లీ మొదటి నుంచి చదివేది. ఇడ్లీ నోట్లో ఉన్నవాడు ఆ చదివింపు అయ్యేదాకా నమలడం కూడా ఆపేవాడు, పెళ్లిలో కూర్చున్నట్టు.

కొన్ని పాటలకు ఇంకో షరతు, వ్యాపారానికి వాడొద్దని. నేనైతే అవి వద్దులే అనేవాణ్ణి. అక్క పారేయలేదు. ఇంట్లో పప్పు గిన్నె వేరు, నీసు గిన్నె వేరు పెట్టినట్టు రెండు పెన్‌డ్రైవులు కొనిపించింది. హోటల్ పాటల దానికి గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టింది. చుక్క లేనిది ఇంటి పాటలది. పొద్దున షట్టరు ఎత్తక ముందు, పిండి కలుపుకునే వేళ చుక్క లేనిది పెట్టేది. మొదటి మనిషి గడప తొక్కగానే పీకేసి ఎర్ర చుక్కది పెట్టేది. ఒకరోజు నేను తొందరగా పోయాను. పెట్టెలోంచి ఏదో చల్లని వీణలాంటిది వస్తోంది. అక్క నా వంక అనుమానంగా చూసింది.

"టీ తాగుతవా తమ్మీ?"

"తాగుతానక్కా."

"తాగితె గిరాకివి. పాట బంద్ చెయ్యాలె. తాగకపోతె ఇంటోనివి. కూసోని ఇను."

ఆ పాట బాగుంది. టీ మానేసి విన్నాను.

మూడో షరతు ఉంది చూశారూ, అదే మా ప్రాణం తీసింది. కొందరు రాసుకుంటారు, నా పాటను మార్చొద్దు, దానికేమీ కలపొద్దు అని. ఇప్పుడు మా దిక్కు మనిషి సంగతి మీకు తెలుసు కదా. చేతి కింద బల్ల కనపడితే తీన్‌మార్ దరువు రాకుండా ఉండదు. ప్రపంచంలో ఏ పాటైనా ఎడమ చేత్తో అందులోకి దించేస్తాం. తూమాసు తమ్ముడి పాటకు అదే షరతు ఉంది. మావాడొకడు పూరీ కోసం చూస్తూ వేళ్లతో బల్ల మీద మొదలుపెట్టాడు. అక్క పొయ్యి దగ్గర నుంచి గరిటెతో సహా వచ్చింది.

"చేయి తియ్యి! దాంట్ల ఏం కలపొద్దన్నడు."

"అక్కా, కలపడమంటే అది కాదు," అన్నాను నేను. "పాటను కోసి, ఇంకోటి అతికించి, వేరే పాటగా చేసి అమ్ముకోవద్దని."

"నువ్వు కొట్టినంక అది వేరే పాట అయితలేదా?"

నిజం చెప్పొద్దూ, అవుతోంది. అన్యాయంగా మారిపోతోంది. ఆ రోజు నుంచి తూమాసు పాట వచ్చినంతసేపూ అందరం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరో చనిపోయారేమో అనుకునేవాళ్లు.

ఏ పాట ఎర్ర చుక్కలోకి రావాలో తేల్చేది మాత్రం బావ. పెట్టెలో మొదటిసారి మళ్లీ పాట కదిలిన రోజు ఆయన చేయి పెట్టి, గబుక్కున తీసి, మళ్లీ పెట్టి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. "చేయి పోలే!" అన్నాడు. మంగోలియా పెద్దమనిషి ఆయనకు ప్రాణం, ఆ గొంతు మోచేయి దాకా ఎక్కుతుందట. వేణువులన్నీ తప్పించాడు. ఎంత గొప్ప వేణువైనా "ఏం లేదు దీంట్ల" అని లుంగీకి చేయి తుడుచుకునేవాడు. చెవులు లేని మనిషి అరచేత్తో ఏరిన పాటలు పెట్టే హోటల్ ఈ దేశంలో ఇంకోటి ఉంటుందని నేననుకోను.

ధర మీరే వేసుకోండి అన్నవాళ్లతో అక్కకు పెద్ద తలనొప్పి. సున్నా వేయడానికి చేయి రాదు. "చదివింపుల్ల సున్నా అని మైకుల చెప్తరా? పరువు ఉంటదా?" ఫోనులోంచి దేశం కాని దేశానికి పైసలు పంపడం మా ఇద్దరికీ చేతకాలేదు. చివరికి ఒక మార్గం కనిపెట్టింది. పాటకో కబురు. నాతో ఇంగ్లీషులో రాయించేది, మీ పాట మా ఆయన చేయికి మంచిగుంది, మా దిక్కు వస్తే టిఫిన్‌కు పైసలు తీసుకోము అని. చాలామంది పలకలేదు. తూమాసు పలికాడు. చేయికి బాగుండడమేమిటని అడిగాడు, చెప్పాను. తన ఏ పాట ఎక్కువ పెడుతున్నారని అడిగాడు. దానికి జవాబు చెప్పడం కష్టమైంది, ఎందుకంటే ఆ పాట పేరు అప్పటికి మారిపోయింది.

అక్క పాటలను ఒకే వరసలో పెట్టేది. రోజూ వింటూ వింటూ, ఏ పాటకు ఏ బస్సు వస్తుందో మాకు లెక్క కుదిరిపోయింది. తూమాసుది కాజీపల్లి బస్సు పాట. మంగోలియా ఆయనది పటాన్‌చెరు బస్సు పాట. సీసాల పిల్లది ఎక్స్‌ట్రా డ్యూటీ వాళ్లది. జనం గడియారం చూడడం మానేశారు. ఒకరోజు అక్క ఏ బటన్ నొక్కిందో, పాటలు తారుమారయ్యాయి. దానికి తోడు ఆ రోజు మలుపు దగ్గర లారీ అడ్డం నిలిచి ఆమెకు రోడ్డు కనపడలేదు. మంగోలియా గొంతు లేవగానే కాజీపల్లి వాళ్లు ఇంకా టైముందని ఇంకో టీ చెప్పారు. పటాన్‌చెరు వాళ్లు నోట్లో ముద్దలతో ఉరికి ఎదురుగా ఉన్న బస్సెక్కారు. అది కాజీపల్లిది. ఒడిశా పిల్లవాడు ఒకడు సగం దూరం పోయాక అక్కకు ఫోన్ చేసి, "అక్కా, గానా గలత్ థా క్యా?" అన్నాడు ఏడుపు గొంతుతో. మాకందరికీ ఆ రోజు ఆబ్సెంటు. మేనేజరు కారణం అడిగితే పాట తప్పు వచ్చింది సార్ అని చెప్పాం. ఆయన ముఖం ఇంకా గుర్తుంది.

ఈ సంగతంతా తూమాసుకు రాశాను. తను ఆ పాటను వాళ్ల ఊరి పడవ మీద కట్టానని రాశాడు. అది విని అక్క, "పడవైతేంది, బస్సైతేంది? మనుషులు ఎక్కెటిదే గదా. అదే పాట," అంది. తూమాసుకు ఆ మాట కూడా రాశాను. చాలా సంతోషించాడు.

కొన్నాళ్లకు సంచీ ఆయన మళ్లీ వచ్చాడు. షెడ్డులోంచి పాట వినపడుతుంటే ముఖం గట్టిగా పెట్టుకునే లోపలికి అడుగుపెట్టాడు. బావ చేయి పెట్టె మీద ఉంది. అక్క ఆయన్ని చూసింది, ఇడ్లీ ప్లేటు ముందు పెట్టింది. ఆయన ఒక చెవి పెట్టె వైపు వేసి కూర్చున్నాడు. ఏదో ఒక సినిమా పాట రాకపోదా అని చూస్తున్నాడు. సీసాలు వచ్చాయి. అక్క గరిటెత్తి చదివింది. బోరుబావి వచ్చింది. చదివింది. గరగర రికార్డు వచ్చింది. "హక్కుల టైము అయిపోయి అందరిదైన పాట, చదివించినోళ్లు లేరు, కాలమే చదివించింది," అంది. ఆయన ముఖం మెల్లగా మెత్తబడింది. ఫోన్ తీసి ఒక్కొక్కటీ వెతికి చూసుకున్నాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

అంతలో కాజీపల్లి బస్సు పాట మొదలైంది. మేమంతా అలవాటుగా చేతులు ఒళ్లోకి దించుకున్నాం. పాపం ఆయనకేం తెలుసు? పాట నచ్చినట్టుంది. ఆయనా మన దిక్కు మనిషే. ఎడమ చేయి బల్ల మీద తీన్‌మార్ అందుకుంది.

"సారూ, చేయి తియ్యుండ్రి," అంది అక్క.

ఆయన అదిరిపడ్డాడు. "ఏందమ్మా?"

"దాంట్ల ఏం కలపొద్దన్నడు ఆ పిలగాడు. షరతు ఉన్నది."

"అమ్మా, నేను గీ పనిల ఇన్నేండ్ల నుంచి ఉన్న. బల్ల కొడితె అది ఆ షరతు కిందికి రాదు."

"రాదని ఆడు చెప్పిండా?"

ఆయన చుట్టూ చూశాడు. ఇంత మందిమి, రసాయనాల మరకల బట్టల్లో, చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాం. ఆయన కూడా మెల్లగా చేయి దించి ఒళ్లో పెట్టుకున్నాడు. పాట అయ్యేదాకా అలాగే ఉన్నాడు. పోయేటప్పుడు ఇంకో ఇడ్లీ కట్టించుకున్నాడు. ఆ తర్వాత ఆ తోవన పోయినప్పుడల్లా ఆగేవాడు, సంచి బయట బండి మీదే వదిలేసి.

ఇక ఆ నాట్ల పాట. అది బావ అడిగినది.

మధ్యాహ్నం షిఫ్టు బస్సుకు ముందు హోటల్ ఖాళీగా ఉండే వేళ. నాకు వారపు సెలవు, ఊరికే వచ్చి కూర్చున్నాను. బావ పెట్టె మీద చేయి పెట్టుకుని ఉన్నట్టుండి, "ఏడేడి దేశపోళ్లయో పెట్టినవు. నీది ఏది?" అన్నాడు. అక్క సిగ్గుపడింది. నేను ఆమె సిగ్గుపడగా చూడడం అదే మొదలు. పెళ్లికి ముందు ఆమె నాట్లలో పాడుతుంటే ఆయన ఒడ్డు మీద ఆగి విన్నాడట. మిల్లులో చేరాక వినపడడం తగ్గింది, తర్వాత లేనే లేదు. మనిషి పక్కనే ఉన్నా గొంతు లేకుండా పోయింది ఆయనకు.

నేను ఫోన్ పట్టుకున్నాను. అక్క పూరీ పిండి పిసుకుతూ పాడింది. పనిచేస్తూ అయితేనే పాట వస్తుందట. మొదట గొంతు వణికింది, తర్వాత పిండి దెబ్బలకు సరిగ్గా కుదురుకుంది. చివరి చరణం ముగిసీ ముగియగానే ఆమె కళ్లు మలుపు మీద పడ్డాయి. గరిటెతో టంగుమని ఒకటిచ్చి, "లెవ్వుండ్రి, బస్సొచ్చింది!" అంది, ఖాళీ బల్లలతో. ఆ ముక్క కోసేద్దామా అన్నాను. "ఉండనీ. అది గూడ నేనే అన్న గదా," అంది.

పెట్టెలో పెట్టాం. బావ అరచేయి ఆనించాడు. మంచిగుంది అనలేదు. కళ్లు పూర్తిగా మూసుకున్నాడు. అయిపోయాక కళ్లు తెరవకుండానే "ఇంకోపారి," అన్నాడు. ఎన్నోసార్లు అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు వాళ్లకు చిల్లర నేనే ఇచ్చాను.

"మనమూ నెట్‌లో పెడదామక్కా," అన్నాను. "ఇంతమందివి తీసుకున్నాం కదా."

"పెట్టాలె," అంది వెంటనే. "తిని ఊకె పోతమా?"

షరతులు అడుగుతోంది ఫోన్. పేరు చెప్పాలా?

"పాట మా అత్తది. ఆమెకు ఎవలు నేర్పిన్రో. నాది గొంతే గదా. నా పేరు ఏసుకుంటె ఆ సంచీ సారు ఏమన్నడు? ఇడ్లీ ఎవలదో వాళ్లదే. వద్దు."

"గొంతుకైనా పేరు పెట్టుకోవచ్చక్కా."

"వద్దంటున్న గదా. నాటేసేటప్పుడు ఎవలన్న పేరు చెప్పి పాడిన్రా?"

వ్యాపారానికి వాడుకోవచ్చా? వాడుకోనీ. మార్చుకోవచ్చా? మార్చుకోనీ.

"మరి టేబుల్ కొట్టుకోవచ్చా అక్కా?" అన్నాను.

ఆమె నన్ను గరిటెతో కొట్టినంత పని చేసి, నవ్వి, "కొట్టుకోనీ. గట్టిగ కొట్టుకోనీ," అంది. ఆ పాటను రెండు పెన్‌డ్రైవుల్లోనూ వేయించింది. అది పప్పుకూ పనికొస్తుంది, నీసుకూ పనికొస్తుందట. అందుకే ఇంత రాసినా ఆమె పేరు నేనిక్కడ రాయలేదు. ఆమె షరతు పెట్టలేదు నిజమే, కానీ వద్దంది. చెప్పింది వినాలి కదా.

రోడ్డు వెడల్పులో షెడ్డు పోయింది. వాళ్లు ఊరికి వెళ్లిపోయారు. నేను కంపెనీ మారి హైదరాబాదు వచ్చేశాను. పోయిన ఎండాకాలం అక్క పోయింది. నాకు ఆలస్యంగా తెలిసి పరుగున పోయాను. బావ అరుగు మీద కూర్చున్నాడు, పెట్టె పక్కనే, అరచేయి దాని మీదే. నన్ను గుర్తుపట్టి, నా చేయి పట్టుకుని తన చేయి పక్కన ఆనించాడు. పిండి దెబ్బలు అరచేతికి తెలిశాయి. నాకు ఏడుపాగలేదు. ఆయన ఏడవలేదు. అది అయిపోయాక, అక్క పాట పెట్టిన కూతురి వంక తిరిగి, "ఇంకోపారి," అన్నాడు. ఆ పెట్టెను ఇక ఏ కాగితమూ ఆపలేదు.

పళ్ల డాక్టరు దగ్గర ఆ అమ్మాయిని బతిమాలాను. "అమ్మా, ఇందాకటి రొట్టె వీడియో మళ్లీ పెట్టవా?"

వెతికి పెట్టింది. మంచు పడుతోంది, చేతులు పిండి పిసుకుతున్నాయి, అక్క పాడుతోంది. కుర్చీల్లో ఉన్న పన్ను నొప్పులన్నీ ఇటు తిరిగాయి. నా వేళ్లు కుర్చీ చెక్క మీద తీన్‌మార్ వేస్తున్నాయని కాసేపటికి గాని తెలియలేదు. దీనికి వేసుకోవచ్చు.

"ఎవరంకుల్ పాడింది? కింద పేరు లేదు," అంది ఆ అమ్మాయి.

"వద్దన్నదమ్మా," అన్నాను.

పాట చివరికొచ్చింది. ఆ దేశం చేతులు రొట్టెను పళ్లెంలో పెట్టాయి. ఆ ముక్కను వాళ్లు కోయలేదు. ఆ మంచులోంచి గరిటె టంగుమంది. "లెవ్వుండ్రి, బస్సొచ్చింది!"

నేను లేచి నిలబడ్డాను.

"కూర్చోండంకుల్, మీ నంబరు ఇంకా పిలవలేదు," అంది.

తెలుసు. కానీ అక్క లెమ్మన్నాక కూర్చునే ధైర్యం మాలో ఎవరికీ లేదు.